వేడి చేస్తే పెరిగేది పీడనమా, ఘనపరిమాణమా? వాయు నియమాల దగ్గర ఇరుక్కుపోయాను

కొత్తబీకరు:

అందరికీ నమస్తే. కెమిస్ట్రీ మొదలుపెట్టి మూడు నెలలైంది. ఇప్పటిదాకా బండి బాగానే నడిచింది కానీ వాయు నియమాల దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. సూత్రాలన్నీ నోటికొచ్చు, నిద్రలో లేపి అడిగినా చెప్తాను. లెక్క ఇస్తే మాత్రం ఏ సూత్రం పెట్టాలో తెలీదు, ఏదో ఒకటి పెట్టేస్తాను, సగం సార్లు తప్పు. రెండు విషయాలు అడుగుతాను, కాస్త ఓపిగ్గా చెప్పండి.

మొదటిది. గే-లుసాక్ ప్రకారం ఉష్ణోగ్రత పెరిగితే పీడనం పెరుగుతుంది. బాయిల్ ప్రకారం పీడనం పెరిగితే ఘనపరిమాణం తగ్గుతుంది. రెండూ కలిపి చూస్తే, వేడి చేస్తే వాయువు ఘనపరిమాణం తగ్గాలి కదా? చార్లెస్ ఏమో పెరుగుతుందంటాడు. ముగ్గురూ పెద్దవాళ్ళే, ఎవరి మాట నమ్మాలి? మా సార్‌ని అడిగితే "ఇది స్థిరంగా ఉన్నప్పుడు అది, అది స్థిరంగా ఉన్నప్పుడు ఇది" అని బోర్డు మీద అవే మూడు లైన్లు మళ్ళీ రాశారు. తలూపి కూర్చున్నాను.

రెండోది లెక్క. జింక్ ముక్కని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేస్తే వచ్చిన హైడ్రోజన్‌ని నీటి మీద పట్టారు. 250 మిల్లీలీటర్లు వచ్చింది. ఉష్ణోగ్రత 27 డిగ్రీల సెల్సియస్, పీడనం 740 మిల్లీమీటర్ల పాదరసం. కరిగిన జింక్ ఎన్ని గ్రాములు? నేను 250ని 22,400తో భాగించి, వచ్చిన మోల్‌లని (అణువుల్ని లెక్కపెట్టే ప్రమాణం) జింక్ మోల్ బరువు 65.4తో గుణించాను. 0.73 వచ్చింది. వెనక పేజీలో జవాబు 0.62 అని ఉంది. ముద్రణ తప్పా?

ల్యాబ్‌కాకి:

ముద్రణ తప్పు కాదు బ్రో, 22.4 తప్పు.

22.4 లీటర్లు అనేది 0 డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ దగ్గర ఒక మోల్ వాయువు ఆక్రమించే చోటు. నీ లెక్కలో 0 డిగ్రీలూ లేదు, 1 అట్మాస్ఫియరూ లేదు. 27 డిగ్రీలు, 740 మిల్లీమీటర్లు అని రెండు అంకెలు లెక్క ఇచ్చినవాడు పనిగట్టుకుని ఇచ్చాడంటే ఎక్కడో వాడమనే కదా, నువ్వు రెండింటినీ ముట్టుకోలేదు. లెక్కలో ఇచ్చిన అంకె జవాబులో ఎక్కడా పడలేదంటే ఒకసారి ఆగి చూసుకోవాలి. పీవీ = ఎన్ఆర్‌టీ (పీ పీడనం, వీ ఘనపరిమాణం, ఎన్ మోల్‌లు, ఆర్ ఒక స్థిరాంకం, టీ కెల్విన్‌లలో ఉష్ణోగ్రత) పెట్టు, ఎన్ కట్టు, 65.4తో గుణించు.

ఇంకోటి, ఈ 22.4 గురించే రేపు ఎవడో ఒకడు నీతో గొడవ పెట్టుకుంటాడు, 22.7 అంటాడు. వాడిదీ తప్పు కాదు. ప్రామాణిక పీడనాన్ని 1982లో 1 అట్మాస్ఫియర్ నుంచి 1 బార్‌కి మార్చారు. బార్ కొంచెం చిన్నది కాబట్టి మోల్‌కి 22.7 లీటర్లు వస్తుంది. చాలా పుస్తకాలు ఇంకా పాత అలవాటులోనే ఉన్నాయి. మీ పుస్తకం ఎస్‌టీపీ (ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనం) అంటే ఏమని రాసిందో మొదటి పేజీల్లో చూసుకో, అదే వాడు.

సుద్దముక్క:

మొదటి ప్రశ్న నేను తీసుకుంటాను. చాలా ఏళ్ళుగా ఈ పాఠం చెప్తున్నాను, ఈ సందేహం ఏటా ఒకరిద్దరికైనా వస్తుంది. రానివాళ్ళకి పాఠం అర్థమైందని నేననుకోను, వాళ్ళు మూడు లైన్లూ రాసుకుని ఊరుకున్నారంతే. కాబట్టి మీరు బాధపడకండి, మంచి ప్రశ్న అడిగారు.

ఒక గొట్టం, అందులో పైకీ కిందికీ జారే పిస్టన్, లోపల వాయువు. 3 లీటర్లు, 300 కెల్విన్ (సెల్సియస్ డిగ్రీలకి 273 కలిపితే కెల్విన్), 1 అట్మాస్ఫియర్. బయటి గాలి కూడా 1 అట్మాస్ఫియరే, అందుకే పిస్టన్ కదలకుండా నిలబడి ఉంది. పిస్టన్ బరువు లేనిదనుకుందాం, రాపిడి కూడా వద్దు.

ఇప్పుడు పిస్టన్‌కి చీల బిగించి 400 కెల్విన్‌కి వేడి చేయండి. పిస్టన్ కదల్లేదు కాబట్టి ఘనపరిమాణం అదే 3 లీటర్లు. పీడనం 400/300 రెట్లు, అంటే 1.33 అట్మాస్ఫియర్లయింది. ఇది గే-లుసాక్ నియమం.

ఇక్కడ మీరు ఏం చేశారంటే, "పీడనం పెరిగింది, బాయిల్ ప్రకారం ఘనపరిమాణం తగ్గుతుంది" అన్నారు. ఒక్కసారి కళ్ళు మూసుకుని ఆ గొట్టాన్ని చూడండి. లోపల 1.33, బయట 1. చీల లాగేస్తే పిస్టన్ ఎటు పోతుంది? లోపలికి పోతుందా? బయటికి కదా. లోపలి వాయువు బయటి గాలిని నెట్టుకుంటూ వ్యాకోచిస్తుంది, తన పీడనం 1కి దిగేదాకా. ఆ వ్యాకోచం జరిగేటప్పుడు ఉష్ణోగ్రతని 400 దగ్గరే నిలబెట్టారనుకోండి (కింద దీపం తీసేయకండి, వ్యాకోచిస్తూ చల్లబడుతుంది), అప్పుడు బాయిల్ నియమం వర్తిస్తుంది. 1.33 × 3 = 1 × కొత్త ఘనపరిమాణం. 4 లీటర్లు.

చార్లెస్‌ని అడగండి. పీడనం 1 దగ్గరే ఉంచి 300 నుంచి 400కి పోతే, 3 × 400/300. 4 లీటర్లే. గే-లుసాక్, బాయిల్ కలిసి మిమ్మల్ని చార్లెస్ దగ్గరికే తీసుకొచ్చి దింపారు. ముగ్గురికీ గొడవేం లేదు.

మరి తప్పెక్కడ జరిగింది? బాయిల్ నియమంలో "పీడనం పెరిగితే ఘనపరిమాణం తగ్గుతుంది" అనే వాక్యాన్ని మీరు కారణం, ఫలితంలాగా చదివారు. ఏ కారణం వల్ల పీడనం పెరిగినా సరే ఘనపరిమాణం తగ్గి తీరాలి అన్నట్టు. బాయిల్ చెప్పింది అది కాదు. ఉష్ణోగ్రత మారకుండా, అదే వాయువుకి, పీడనం ఎక్కువగా ఉన్న స్థితిలో ఘనపరిమాణం తక్కువగా ఉంటుంది అన్నాడు, అంతే. మీరు వేడి చేసి పీడనం పెంచారు. వేడి చేశారంటేనే ఆయన షరతు పోయింది, ఆ మెట్టు మీద ఆయన్ని పిలవకూడదు. మెట్టు మారినప్పుడల్లా ఏది స్థిరంగా ఉందో కూడా మారిపోతోంది. మూడు వేర్వేరు షరతుల్లో నిజమైన మాటల్ని ఒకే దారానికి గుచ్చితే వచ్చేది ఇలాంటి చిక్కే.

అందుకే నేను పిల్లలతో ముందు సూత్రం రాయనివ్వను. పాత్ర బొమ్మ గీయమంటాను. గోడలు గట్టివా, కదిలేవా? గట్టివైతే ఘనపరిమాణం స్థిరం. కదిలే పిస్టనో, సాగే బుడగో అయితే లోపలి పీడనం బయటి పీడనంతో సమానంగా సర్దుకుంటుంది (బుడగ రబ్బరు బిగువు వల్ల లోపల కాస్త ఎక్కువే ఉంటుంది కానీ మొదటి ఏడాది లెక్కల్లో అది పట్టించుకోరు). మూత ఉందా, వాయువు బయటికి పోతోందా? "గట్టి పాత్ర", "స్టీలు సిలిండర్", "బయటి వాతావరణానికి తెరిచి ఉంది", "నెమ్మదిగా నొక్కారు" లాంటి మాటలు లెక్కలో ఊరికే పడవు. స్థిరంగా ఉన్నదేమిటో అవే చెప్తాయి. సగం మంది ఆ మాటలు దాటేసి అంకెల మీద పడతారు.

అసలు ఇన్ని నియమాలు ఎందుకొచ్చాయంటే ఇవన్నీ ఒకేసారి ఒకరు కనిపెట్టినవి కావు. బాయిల్ తనది 1662లో ప్రకటించాడు. చార్లెస్ 1780లలో చూసిన విషయాన్ని అచ్చువేయనే లేదు. 1802లో గే-లుసాక్ తన ఫలితాలు ప్రకటిస్తూ, ఇది చార్లెస్ ముందే గమనించాడని చెప్పడం వల్ల ఆ పేరు నిలిచింది. అవగాడ్రో (ఒకే ఉష్ణోగ్రత, పీడనం దగ్గర సమాన ఘనపరిమాణాల్లో సమాన సంఖ్యలో అణువులుంటాయన్నాడు) 1811. వీటన్నిటినీ ఒకే సమీకరణంగా క్లాపెరాన్ కలిపింది 1834లో. మధ్యలో నూట డెబ్బై ఏళ్ళు పైన. మనం వాటిని ఒకే వారంలో చదివేస్తాం, తల తిరగకుండా ఎలా ఉంటుంది.

మధ్యలోదూరేవాడు:

సుద్దముక్క గారూ, మీరు బాగా చెప్పారు కానీ నా మాట ఇంకా పొట్టిది. నియమాలన్నీ మర్చిపోవడమే. పీవీ = ఎన్ఆర్‌టీ ఒక్కటి పెట్టుకోండి. మొదటి స్థితికి ఒకసారి, రెండో స్థితికి ఒకసారి రాసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. మారనివన్నీ రెండు వైపులా కొట్టుకుపోతాయి, మిగిలిందే మీక్కావలసిన నియమం. దానికి బాయిల్ అని పేరు పెట్టాలో చార్లెస్ అని పెట్టాలో పరీక్ష దిద్దేవాళ్ళు చూసుకుంటారు. నేను పరీక్షలన్నీ ఇలాగే గట్టెక్కాను.

చార్లెస్ నియమం కళ్ళారా చూడాలంటే పల్చటి ప్లాస్టిక్ సీసాలో వేడినీళ్ళు పోసి, గిరగిరా తిప్పి, పారబోసి, వెంటనే మూత బిగించి పక్కన పెట్టండి. చల్లారేకొద్దీ సీసా లోపలికి నొక్కుకుపోతుంది. లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోయింది. దీనికంటే తేలికైన ప్రయోగం లేదు.

కొత్తబీకరు:

సుద్దముక్క గారూ, చీల లాగే బొమ్మ దగ్గర తల మీద ఎవరో మొట్టినట్టయింది. థ్యాంక్స్ అండి. నేను పిస్టన్ బయటికి పోతుందన్న సంగతే చూడలేదు, అక్షరాల మీదే ఉన్నాను.

లెక్క మళ్ళీ చేశాను. ఆర్ విలువ 0.0821 పెట్టి, 740 అలాగే వేసి, 250 అలాగే వేసి కడితే కొన్ని వేల మోల్‌లు వచ్చింది. జింక్ బండరాయి అంత వచ్చి ఉండాలి. తర్వాత ప్రమాణాలు గుర్తొచ్చి, మిల్లీమీటర్లని 760తో భాగించి, మిల్లీలీటర్లని లీటర్లు చేసి మళ్ళీ కట్టాను. 0.00988 మోల్‌లు, జింక్ 0.646 గ్రాములు. 0.73 నుంచి కిందికి దిగింది కానీ ఇంకా 0.62 కాదు. ఎక్కడో ఇంకో తప్పుంది. 300 బదులు 300.15 వేసి చూశాను, ఏం తేడా రాలేదు.

అంకెలపిచ్చి:

"నీటి మీద పట్టారు" అన్న మాట లెక్కలో ఉంది చూశారా, మీరు వాడనిది అదొక్కటే మిగిలింది.

జాడీలో ఉన్నది ఒట్టి హైడ్రోజన్ కాదు. నీటిలోంచి బుడగలుగా పైకొచ్చింది కాబట్టి దాంతోపాటు నీటి ఆవిరి కూడా చేరింది, అదీ ఆ ఉష్ణోగ్రత దగ్గర ఎంత పట్టగలదో అంతా. 740 మిల్లీమీటర్లు అనేది ఇద్దరూ కలిసి నెట్టే పీడనం. 27 డిగ్రీల దగ్గర నీటి బాష్ప పీడనం 26.7 మిల్లీమీటర్లు. డాల్టన్ నియమం ప్రకారం హైడ్రోజన్ వాటా 740 − 26.7 = 713.3. పట్టిక మీ పుస్తకం వెనక అనుబంధంలో ఉంటుంది, లెక్కలోనే ఇవ్వలేదంటే అక్కడ చూసుకోమని అర్థం.

పీడనం మిల్లీమీటర్లలో ఇచ్చినప్పుడు నేను ఆర్‌ని 62.36 అని పెట్టుకుంటాను. లీటరు, మిల్లీమీటరు, మోల్, కెల్విన్‌లలో అది సరిపోతుంది, 760తో భాగించే గోల ఉండదు. 713.3 × 0.250 ÷ (62.36 × 300) = 0.00953 మోల్‌లు. ఒక జింక్‌కి ఒక హైడ్రోజన్ అణువు కాబట్టి 65.4తో గుణిస్తే 0.623 గ్రాములు. మీ 0.62 ఇదే.

ఇక్కడ చాలామందికి ఇంకో సందేహం వస్తుంది, మీరు అడగకముందే చెప్తాను. పీడనంలోంచి ఆవిరి వాటా తీసేశాం కదా, ఘనపరిమాణంలోంచి ఎందుకు తీయలేదు అని. ఎందుకంటే జాడీలో హైడ్రోజన్ ఒక మూల, ఆవిరి ఒక మూల కూర్చోవు. రెండూ 250 మిల్లీలీటర్లంతా తిరుగుతాయి. చోటు ఇద్దరిదీ ఒకటే, నెట్టడం మాత్రం ఎవరి వాటా వారిది. రెండూ తీసేసిన జవాబు పత్రాలు నేను చూశాను, 0.60 వస్తుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది, అందుకే దొరకదు.

ఇది నిజంగా ల్యాబ్‌లో చేసినప్పుడు నాకు జరిగింది చెప్తాను. నీటి తొట్టిలో కొలజాడీ బోర్లించి హైడ్రోజన్ పట్టాను. బుడగలు ఆగిపోగానే జాడీ అంచు దగ్గర గీత చూసి అంకె రాసేసుకున్నాను. లెక్క కడితే నేను తూచిన జింక్‌కీ దీనికీ పొంతన లేదు. రెండు సార్లు కట్టాను. పక్క బెంచీ అమ్మాయి వచ్చి, జాడీలో నీటి మట్టం తొట్టిలో మట్టం కంటే జానెడు పైకుంది చూసుకున్నావా అంది. మట్టాలు సమానంగా లేకపోతే లోపలి పీడనం, బయటి పీడనం ఒకటి కావు. లోపల నీరు పైకి నిలబడి ఉందంటే లోపలి వాయువు బయటి గాలి కంటే బలహీనంగా ఉందని. పాదరసం నీటి కంటే 13.6 రెట్లు బరువు కాబట్టి 136 మిల్లీమీటర్ల నీటి నిలువు అంటే 10 మిల్లీమీటర్ల పాదరసం. నా జానెడుకి అంతకంటే కొంచెం ఎక్కువే పోయింది. లోతైన తొట్టిలో జాడీని కిందికి దించి, రెండు మట్టాలూ కంటికి ఒకే గీత మీదికి తెచ్చి అప్పుడు చూడాలి, లేదా ఎత్తు కొలిచి లెక్కలో తీసేయాలి. పైగా ఆమ్లం, జింక్ కలిసినప్పుడు వేడెక్కుతుంది, ఆ వేడి వాయువు గది ఉష్ణోగ్రతకి వచ్చేదాకా ఓ పది నిమిషాలు ఆగాలి. నేను ఆగలేదు. రెండు తప్పులూ ఒకే వైపు లాగాయి, హైడ్రోజన్ ఉన్నదానికంటే ఎక్కువ కనిపించింది.

పుస్తకంలో "నీటి మీద పట్టారు" అని నాలుగు ముక్కల్లో తేల్చేస్తారు, దాని వెనక ఇంత ఉంది.

ల్యాబ్‌కాకి:

ఆవిరి సంగతి నేను చెప్పడం మర్చిపోయాను, తప్పు నాదే. తొందరపడి 22.4 దగ్గరే ఆగిపోయాను.

సుద్దముక్క:

మధ్యలోదూరేవాడు గారికి రెండు మాటలు. ఒక్క సమీకరణం చాలన్నది నాకూ ఇష్టమే, నేనూ చివరికి అక్కడికే తీసుకొస్తాను. కానీ "మారనివన్నీ కొట్టుకుపోతాయి" అనడానికి ముందు ఏవి మారలేదో తెలియాలి కదా. ఆ సంగతి సమీకరణం చెప్పదు, పాత్ర చెప్పాలి. కొత్తబీకరు గారు ఇరుక్కుంది సరిగ్గా అక్కడే.

ఇక మీ సీసా ప్రయోగం. చూడ్డానికి బాగుంటుంది, నేనూ చేసి చూపిస్తాను, కానీ అది చార్లెస్ నియమం కాదండి. ఒకసారి లెక్క వేయండి. సీసా లోపల 80 డిగ్రీలు ఉందనుకుందాం, అంటే 353 కెల్విన్. 27 డిగ్రీలకి, అంటే 300కి చల్లబడితే, పొడి గాలి అయితే 300/353, అంటే 0.85. వందకి పదిహేను తగ్గాలి. సీసా అంతకంటే చాలా ఎక్కువ నలిగిపోతుంది. ఎందుకు? వేడినీళ్ళు తిప్పి పారబోసినప్పుడు సీసా నిండా ఆవిరి చేరింది. 80 డిగ్రీల దగ్గర నీటి బాష్ప పీడనం దాదాపు 355 మిల్లీమీటర్లు, దగ్గర దగ్గర సగం అట్మాస్ఫియర్. మూత బిగించేటప్పటికి లోపల ఉన్నదాంట్లో సగం గాలే కాదు. చల్లారేసరికి ఆ ఆవిరిలో చాలా భాగం నీటి చుక్కలై గోడలకి అంటుకుంటుంది. వాయువుగా ఉన్న మోల్‌లే తగ్గిపోయాయి. చార్లెస్ నియమానికి షరతులు రెండు, పీడనం మారకూడదు, వాయువు మోల్‌ల సంఖ్య మారకూడదు. ఇక్కడ రెండోది పోయింది. మీ ఒక్క సమీకరణంలో ఎన్‌ని కొట్టేస్తే తప్పు జవాబే వస్తుంది.

చార్లెస్‌ని చూపించాలంటే పొడి సీసా తీసుకుని, మూతికి బుడగ తొడిగి, సీసాని వేడినీళ్ళలో నిలబెట్టండి. బుడగ కాస్త లేచి నిలబడుతుంది, పెద్దగా ఉబ్బదు. నాటకీయంగా ఉండదు కానీ నిజం అదే.

మధ్యలోదూరేవాడు:

ఒప్పుకున్నానండి. ఇన్నేళ్ళూ ఆ సీసా చూపించి చార్లెస్ పేరు చెప్పుకుంటూ తిరిగాను. లెక్క కూడా కట్టాను. సీసా లోపల గాలి 80 డిగ్రీల దగ్గర ఆవిరితో పూర్తిగా నిండిపోయి ఉందనుకుంటే పొడి గాలి వాటా 760 − 355 = 405 మిల్లీమీటర్లే. చల్లారాక 760 − 26.7 = 733.3. 405/733.3 × 300/353 = 0.47. సగం కంటే తక్కువకి వస్తుంది. నేను చూసిన సీసాలు నలిగేది కూడా దాదాపు అంతే, వందకి పదిహేను కాదు.

పరువు కొంచెం నిలబెట్టుకోవడానికి ఇంకో సంగతి చెప్తాను, ఇందులో నేను పొరబడలేదని నమ్మకం. టైరు లెక్కలు వస్తే జాగ్రత్త. గాలి కొట్టే గేజి చూపించేది లోపలి మొత్తం పీడనం కాదు, బయటి గాలి కంటే ఎంత ఎక్కువుందో అంతే. 27 డిగ్రీల దగ్గర గేజి 32 అని చూపిస్తోంది (చదరపు అంగుళానికి పౌండ్లు), టైరు 57 డిగ్రీలకి వేడెక్కింది. 32 × 330/300 = 35.2 అని వేస్తే తప్పు. ముందు 14.7 కలపాలి, 46.7. దాన్ని 1.1తో గుణిస్తే 51.4. మళ్ళీ 14.7 తీసేస్తే గేజి మీద 36.7. కెల్విన్‌కి మార్చడం అందరికీ గుర్తుంటుంది, పీడనానికి కూడా సున్నా ఎక్కడుందో చూసుకోవాలని గుర్తుండదు.

గాలివాటం:

దొంగచాటుగా చదువుతున్నాను, ఇక్కడో చిన్న ప్రశ్న. నాకు కెల్విన్ సంగతే ఇంకా మింగుడుపడలేదు. 27 డిగ్రీల నుంచి 54 డిగ్రీలకి పోతే ఉష్ణోగ్రత రెట్టింపు కాదా? గట్టి పాత్రలో 2 అట్మాస్ఫియర్లు ఉంటే 4 అవ్వాలని రాశాను, సున్నా మార్కులు.

ల్యాబ్‌కాకి:

కాదు. 300 నుంచి 327 అయింది, తొమ్మిది శాతం పెరిగింది. పీడనం 2.18. సెల్సియస్‌లో సున్నా అంటే నీరు గడ్డకట్టే చోటు, వాయువుకి దాంతో సంబంధం లేదు. సెల్సియస్‌లోనే నిష్పత్తి కడతానంటే 10 డిగ్రీల నుంచి −10 డిగ్రీలకి చల్లబరిచి పీడనం ఎంతో చెప్పు. −2 అట్మాస్ఫియర్లు వస్తుందా? అలాంటిదొకటి ఎక్కడైనా ఉందా? "రెట్టింపు", "సగం" అనే మాటలకి అర్థం రావాలంటే సున్నా నిజంగా సున్నా కావాలి. అది −273.15 దగ్గర ఉంది. తేడాలు మాత్రమే కావలసినప్పుడు సెల్సియస్ ఏం ఇబ్బంది పెట్టదు, నిష్పత్తి కట్టాలంటే మాత్రం కెల్విన్.

గాలివాటం:

మైనస్ పీడనం దగ్గర వెలిగింది. థ్యాంక్స్.

కొత్తబీకరు:

0.623 వచ్చింది! రాత్రి పదకొండింటికి ఒక్కడినే గదిలో చప్పట్లు కొట్టుకున్నాను.

ఒక ఇంజెక్షన్ సిరంజి దొరికింది, సూది లేనిది. పిస్టన్‌ని 20 దగ్గర పెట్టి మూతిని వేలితో గట్టిగా మూసి నొక్కాను. 10 దాకా తేవడానికే చేయి నొప్పెట్టింది, వదిలితే దాదాపు 20కే వచ్చేసింది. అప్పుడు పిస్టన్ వైపు చూస్తూ సుద్దముక్క గారు చెప్పింది మళ్ళీ అనుకున్నాను. ఇక్కడ ఘనపరిమాణం తగ్గించింది నేను, నా చేయి. వేడి కాదు. వేలి కొన మీద గుండ్రంగా అచ్చు పడింది, ఇంకా పోలేదు.

అదే ఊపులో తర్వాతి లెక్క చేశాను, సరిచూడండి. వాతావరణ పరిశోధన బుడగలో నేల మీద 100 లీటర్ల హీలియం ఉంది, 27 డిగ్రీలు, 1 అట్మాస్ఫియర్. సుమారు 16 కిలోమీటర్ల ఎత్తుకి పోయేసరికి పీడనం 0.1 అట్మాస్ఫియర్, ఉష్ణోగ్రత −57 డిగ్రీలు. ఘనపరిమాణం ఎంత? ఇంతకుముందైతే పీడనం తగ్గింది కాబట్టి ఉబ్బాలి, చల్లబడింది కాబట్టి కుంచించుకోవాలి, ఏది నెగ్గుతుందో అని గింజుకునేవాణ్ణి. ఇప్పుడు బొమ్మ గీశాను. గోడలు సాగేవి కాబట్టి లోపలి పీడనం బయటిదే, 0.1. మూతి కట్టేసి ఉంది, హీలియం ఆవిరి కాదు కాబట్టి చుక్కలు కట్టే గొడవ లేదు, ఎన్ మారదు. పీడనం పదో వంతయింది కాబట్టి పది రెట్లు, ఉష్ణోగ్రత 300 నుంచి 216కి వచ్చింది కాబట్టి 0.72 రెట్లు. 100 × 10 × 0.72 = 720 లీటర్లు. రెండూ చెరో వైపు లాగాయి, పీడనం నెగ్గింది.

కాకపోతే ఒక అనుమానం. ఏడు రెట్లు ఉబ్బితే బుడగ పగిలిపోదా?

అంకెలపిచ్చి:

లెక్క సరిగ్గా ఉంది. రబ్బరు బిగువు వల్ల నిజం బుడగలో లోపలి పీడనం 0.1 కంటే పిసరంత ఎక్కువ ఉంటుంది, ఈ లెక్కకి దాన్ని వదిలేయొచ్చు.

అనుమానం కూడా సరైనదే. అందుకే నేల మీద వాటిని బిగుతుగా నింపరు, సాగడానికి బోలెడు చోటుండేలా వదులుగానే వదులుతారు. ఇంకా పైకి పోతూనే ఉంటాయి, పీడనం ఇంకా పడుతుంది, ఒక ఎత్తులో పగిలిపోతాయి కూడా. కింద కట్టిన పరికరాలు పారాచూట్‌తో దిగుతాయి.